ఆబెలోనె క్యాను మూత

పాలబండి తోలే నాలాంటివాడికి ముక్కు బాగుండాలి. ప్రతి ఇంటి ముందూ క్యాను మూత తీసి, వాసన చూసి, అప్పుడు ఎక్కించుకోవాలి. ఆవులకు టర్నిప్ దుంపలు పెడితే ఆ వాసన పాలకు పట్టి వెన్న చెడుతుంది. అందుకే పాడి ఆవులకు దుంపలు పెట్టకూడదని మా సహకార డెయిరీలో మొట్టమొదటి నియమం.

ఆబెలోనె మొగుడు చేపలకు వెళ్లి సముద్రంలో పోయాడు. మిగిలింది రెండావులు, ముగ్గురు పిల్లలు. డెయిరీ రాకముందు ఆమె ఇంట్లో చిలికిన వెన్నను సంతలో వర్తకుడు వేలితో గీకి చూసి, "తీసుకెళ్లి బండి ఇరుసుకు రాసుకోవమ్మా" అనేవాడు. వింటే నాకు ఒళ్లు మండేది. సంఘంలో చేరాక ఆమె పాలూ, నలభై ఆవులున్న యెప్పె పాలూ ఒకే తొట్టిలో పడ్డాయి, ఒకే ధర పలికాయి. వెన్న తీసిన పాలు ఇంటికి తిరిగొచ్చి ఆమె పందిని మేపాయి. ఓటు కూడా ఆవుల లెక్కన కాదు, మనిషికొకటి. అదొక్కటే యెప్పెకు ఏనాడూ మింగుడుపడలేదు.

ఆ మార్చిలో ఆబెలోనె ఇంట్లో గడ్డి అయిపోయింది. ఒక ఉదయం మూత తీయగానే దుంప వాసన గుప్పుమంది. ఆమె గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నోరు మూసుకుని క్యాను ఎక్కించాను. జాలిపడ్డానట! పాడు జాలి! ఆ రోజు తీసిన వెన్నంతా, రెండు పీపాలూ, వాసన వస్తోందని రేవు నుంచి వెనక్కొచ్చాయి.

బడిలో సభ పెట్టారు. ఎవరూ అడగకముందే ఆబెలోనె లేచి, "ఆ పాలు నావే. ముందు రోజు రాత్రి ఆవులకు దుంపలు పెట్టాను" అంది.

"గడ్డి లేకపోతే అడగడానికి నోరు లేదా?" అన్నాడు యెప్పె.

"అడిగితే, మేపలేనిదానికి ఆవులెందుకని మీరే అనేవారు."

"సరే, మరి మన లౌస్ట్ ముక్కేమైంది? అద్దెకిచ్చాడా?"

లౌస్ట్ అంటే నేనే. అందరూ నా వైపు తిరిగి నవ్వారు.

"మూత మంచుకు బిగుసుకుపోయింది. లౌస్టన్న ఎంత లాగినా రాలేదు" అంది ఆబెలోనె.

సిగ్గులేకుండా నేను తల కూడా ఊపాను.

ఆమెను సంఘం నుంచి తీసేయాలని పదకొండు చేతులు లేచాయి. ఉంచాలని, నాదీ కలిపి, పదకొండు.

"ఆబెలోనె ఇంకా వేయలేదు" అన్నాడు అధ్యక్షుడిగా కూర్చున్న పంతులు.

యెప్పె ఎగిరిపడ్డాడు. "తప్పు చేసినదానికి ఓటేమిటయ్యా!"

"లెక్క తేలేదాకా ఆమె మన సభ్యురాలే."

ఆబెలోనె ముఖం కందగడ్డయింది. చేయి సగం లేచి ఆగింది. తర్వాత ఆ చేయి పూర్తిగా లేచింది. అలా ఆమె సంఘంలో మిగిలింది.

మర్నాడు ఉదయం తనే మూత తీసి పట్టుకుని నిలబడింది.

"వాసన చూడు."

"అక్కర్లేదులే చెల్లీ."

"చూడన్నా. ఆ రోజే నువ్వు వద్దని దింపేసి ఉంటే నాదొక్క క్యానే పోయేది. ఊరందరి వెన్నా పోయేది కాదు. నిన్న నీ బండి పని పోకూడదని, నీ పిల్లల ముఖం చూసి అబద్ధమాడాను. మళ్లీ ఆడించకు."

క్యాను మీదికి వంగాను. కళ్లలో నీళ్లు తిరిగి ముక్కు పట్టేసింది. ఏ వాసనా తెలియలేదు.

"కాస్త ఆగు చెల్లీ, ఇంకోసారి చూస్తాను" అన్నాను.