బార్బిక్యూ పోర్క్ ప్యాకెట్ వెనక అక్షరాలు

ఈ ఉదయం చర్చి నుంచి వస్తూ అనకాపల్లి మెయిన్ రోడ్డులోని సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. ఫ్రీజర్‌లోంచి బార్బిక్యూ పోర్క్ ప్యాకెట్ తీసి, వెనక్కి తిప్పి, చూడకుండానే ఎడమ పక్కకి చాపాను.

అది ఇరవై ఏళ్ళ అలవాటు. నాకు బీపీ ఉంది, ఉప్పు తగ్గించాలి. ప్యాకెట్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి, కొనాలో వద్దో చెప్పేది నా భార్య సుగుణ. ఆమె పోయి ఏడు నెలలయింది.

నా చేతిలోని ప్యాకెట్‌ని ఎవరో అందుకున్నారు. ఒక్క క్షణం తల తిప్పలేకపోయాను.

ఎవరో పెద్దావిడ. చదివిపెట్టమంటున్నానని అనుకున్నట్టుంది. కళ్ళజోడు సవరించుకుని, "ప్రోటీన్ బాగానే ఉందండి. సోడియం ఏడొందల మిల్లీగ్రాములు" అంది.

"పర్లేదు కదా" అన్నాను.

"ఏటి పర్లేదు? అది వంద గ్రాములకి. పేకెట్టు రెండొందల యాభై. మొత్తం మీరొక్కరే తినేత్తారేటి?"

"ఒక్కడినే."

"అయితే రెండున్నర రెట్లు యేసుకోండి."

సుగుణ కూడా సరిగ్గా ఇలాగే హెచ్చవేసేది. వేసి, నా మొహం చూడకుండా ప్యాకెట్‌ని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టేసేది. ఈవిడ మాత్రం దాన్ని నా చేతికిచ్చి పప్పుల వైపు వెళ్ళిపోయింది. వేళ్ళు మొద్దుబారేదాకా పట్టుకుని నిలబడ్డాను. తర్వాత నేనే పెట్టేశాను.

మధ్యాహ్నం పెరుగన్నం తిన్నాను. ఆవిడకి థాంక్స్ చెప్పలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

మీ ఇంట్లో ప్యాకెట్ వెనక అక్షరాలు చదివేది ఎవరు? ఈసారి విసుక్కోకుండా చివరిదాకా వినండి.