ఒంటికన్ను ఎద్దుకో పద్యం

మా ఈపూరు గోపాలకృష్ణయ్య బాబాయి చేసేది టైలరింగు, పిచ్చి మాత్రం పద్యాలది. చుట్టుపక్కల ఎక్కడ ఎడ్ల బండలాగుడు పోటీలు జరిగినా మైకు ఆయనదే. బరిలోకి ఏ జత దిగినా గొంతు సవరించుకుని మృగరాజులనీ, ఎత్తిపోతల హోరనీ పద్యం అందుకుంటాడు. పాతికేళ్లుగా అదే పద్యం. యజమాని పేరొక్కటే మారుస్తాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు, నాకు ఒళ్లు మండేది.

మొన్న పోటీలకు ముందురోజు బుల్లెమ్మత్త ఆయన షాపుకొచ్చింది. ఆమె ఎడ్ల జతలో చిన్నోడికి ఎడమ కన్ను కనపడదు. ఏటా బరి చివర మలుపు దగ్గర ఆ జత కాసేపు ఆగుతుంది. పోయినేడు అక్కడే జనం ఈలలేసి గేలిచేశారు. పెద్దోడికి వయసైపోయింది, ఇక ఇదే ఆఖరి పోటీ.

"ఈసారన్నా నా ఎడ్లని నవ్వులపాలు కానియ్యమాక అన్నయ్యా."

"మృగరాజులంటన్నా గదమ్మా, ఇంకేం జెప్పాల?"

"సింహాలు గడ్డి తింటయ్యా ఏంది? అసలు నువ్వెప్పుడన్నా నా ఎడ్లని జూశావా?"

 బాబాయి కత్తెర పక్కన పెట్టి ఆమె వెంట కొట్టానికి నడిచాడు. వింత చూద్దామని నేనూ వెళ్లాను. కుడితి తొట్టి దగ్గర చిన్నోడు తడబడుతుంటే పెద్దోడు ఆగి, మూతితో వాడి మెడను తొట్టివైపు నెట్టాడు. వాడు తాగడం మొదలుపెట్టాకే తను తాగాడు.

మర్నాడు ఆ జత మలుపు దగ్గరికొచ్చి ఆగింది. ఈలలు మొదలయ్యాయి. బుల్లెమ్మత్త తల దించుకుంది. బాబాయి మైకందుకున్నాడు.

"కుడితి కాడ ఆగినట్టే మలుపు కాడ ఆగినాడు,
కన్నులేని తమ్ముడికి తన కన్ను ఇచ్చి కదిలినాడు!"

గణాలూ లేవు, యతీ లేదు. అయినా ఈలలు ఆగిపోయాయి. పెద్దోడు మూతితో చిన్నోడి మెడను తాకాడు. రెండూ కలిసి తిరిగాయి. ఆ ఆగడం మేం ఏటా చూస్తున్నదే. ఎందుకు ఆగేవో ఆ రోజే తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను.

దూరం లెక్కలో ఆ జత వెనకబడినా, బుల్లెమ్మత్త తల పైకెత్తుకుని ఎడ్లను తోలుకెళ్లింది. జనం లేచి నిలబడి దారిచ్చారు.

తర్వాత హనుమయ్య జత దిగింది. బాబాయి అలవాటుగా "మృగరాజులు..." అనబోయాడు. హనుమయ్య రెండు చేతులూ ఊపుతూ మైకు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఆగు బావా! ముందు మా ఎడ్లని గూడా జూసి చెప్పు!"