కాకకు ఇచ్చిన ఫ్యూజులు

మిషన్లో ఎవరు చెయ్యి పెడతారో వాళ్లే కరెంటు పెట్టెలోంచి ఫ్యూజులు ఊడదీసి తమ జేబులో వేసుకోవాలి. కాక నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. పని అయ్యేదాకా అవి సేటు అడిగినా ఇవ్వొద్దు, కన్నతండ్రి అడిగినా ఇవ్వొద్దు అనేవాడు. తాను అడిగితే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు, తెలివితక్కువదాన్ని.

కాక అంటే నా సొంత చిన్నాయన కాదు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అక్కడ ఫిట్టర్. అది మూతపడ్డాక ఎడపల్లి దగ్గర ఒక రైస్ మిల్లులో హెడ్ ఫిట్టర్‌గా కుదురుకున్నాడు. బాపు చెరకు బండి తోలుకుపోయి ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో పడిగాపులు కాసిన కాలం నుంచి ఇద్దరికీ దోస్తీ. నిజామాబాద్ ఐటీఐలో ఫిట్టర్ కోర్సులో చేరతానని నేనన్నప్పుడు అవ్వ, అంటే మా అమ్మ, మూతి ముడిచింది, బాపు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆడపిల్ల కంప్యూటర్ నేర్చుకోవాలి గానీ ఈ గ్రీజు పని ఏమిటని ఆయన బాధ. కాక వచ్చి మంచం మీద కూర్చుని, కోర్సు కాగానే నా దగ్గరికి పంపు, ఏడాదిలో పనిమంతురాలిని చేస్తా అన్నాడు. బాపు నా మాట వినలేదు, ఆయన మాట విన్నాడు.

అలా మిల్లులో ఏడాది అప్రెంటిస్‌గా చేరాను. ఏడాది బాగా చేస్తే పర్మినెంట్ చేస్తానని సేటు అన్నాడు. చుడీదార్‌కు జేబు ఉండదు కదా, మొదటి రోజు ఫ్యూజులను చున్నీ కొసకు ముడివేసుకున్నాను. కాక చూసి గయ్‌మన్నాడు. చున్నీ షాఫ్టుకు చుట్టుకుంటే మెడ కూడా పోతుందని తిట్టి, బాపు పాత ఖాకీ చొక్కా తొడుక్కుని రమ్మన్నాడు. అవ్వ దానికి లోతైన జేబు కుట్టింది. మూడు తెల్ల పింగాణీ ఫ్యూజులు ఆ జేబులో బరువుగా వేలాడుతుంటే నాకెంత గర్వమో. గుడ్లు పెట్టుకుని పొదుగుతున్నావా అని హమాలీలు ఆటపట్టించేవాళ్లు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

మూడో నెలలో నాకొక సంగతి తెలిసింది. కాకకు కళ్లు సరిగా ఆనడం లేదు. కొలతలు తీసే వెర్నియర్ నా చేతికిచ్చి గీతలు చదవమంటే, నాకు నేర్పడానికేనని మురిసిపోయాను. బేరింగుల మీద నంబర్లు, కరెంటు పెట్టెల మీద పేర్లు కూడా నాతోనే చదివించినప్పుడు అనుమానం వచ్చింది. ఒకరోజు తానే బయటపడ్డాడు. కంట్లో పొర వస్తోందని, ఆపరేషన్ మాట ఎత్తితే సేటు ఇంటికి పంపేస్తాడని చెప్పాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అప్పట్నుంచి కొలత నేను మెల్లగా గొణిగేదాన్ని, ఆయన అందరికీ వినబడేలా గట్టిగా చెప్పేవాడు. పని నేర్పుతున్న మనిషి, నా కళ్లు వాడుకుంటే ఏం పోయిందిలే అనుకున్నాను.

ఇంకో నెలలో ఏడాది నిండుతుందనగా, వడ్లను పైకి మోసే ఎలివేటర్ కింది భాగంలో జామైంది. నేను ఫ్యూజులు తీసి జేబులో వేసుకుని, మూత విప్పి, బకెట్ల పట్టాలో ఇరుక్కున్న సుతిలి తాడు లాగుతున్నాను. సరిగ్గా అప్పుడే పక్కనున్న బ్లోయర్ ఫ్యూజులు వేడికి పగిలిపోయాయి. బయట లారీ ఆగి ఉంది, సేటు కేకలేస్తున్నాడు. కాక వచ్చి చెయ్యి చాచాడు.

"గవి ఇటియ్యి బిడ్డా, బ్లోయర్‌కు పెడుత. అయిదు నిమిషాలు."

ఇచ్చాను. ఆయన కదా అని ఇచ్చాను. గోడకు రెండు పెట్టెలూ పక్కపక్కనే, ఖాళీగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒకటి బ్లోయర్‌ది, ఒకటి నా ఎలివేటర్‌ది. పేర్లు చదవడానికి నేను పక్కన లేను. ఆయన ఎలివేటర్ పెట్టెలో ఫ్యూజులు పెట్టి దాని బటన్ నొక్కాడు. పట్టా ఒక్కసారి గుంజింది. నా ఎడమ చేతి చూపుడు వేలు మొదటి కణుపు దాకా పోయింది. ఆటోలో నిజామాబాద్ ఆస్పత్రి దాకా నా చేతిని తన తువ్వాలలో చుట్టి పట్టుకున్నది కాకే. దారి పొడుగునా ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమే, కాదనను.

పది రోజులకు కట్టుతోనే మిల్లుకు పోయాను. సేటు ఇద్దరినీ ఆఫీసులోకి పిలిచి అసలేం జరిగిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే కాక చెప్పేశాడు.

"ఫీజులు తియ్యకుండనే చెయ్యి పెట్టింది సేట్. ఎన్నిసార్లు చెప్పిన, ఇనలే."

నువ్వే కదా కాకా అడిగి తీసుకున్నవ్ అన్నాను. ఆయన నా వైపు తిరగను కూడా లేదు. ఆడపిల్లను పెట్టుకోవద్దని ఇందుకే అనుకున్నా అన్నాడు సేటు. మిల్లులో నా పని అంతటితో సరి. కాక కళ్ల సంగతి ఒక్క మాట అంటే చాలు, అంతా తిరగబడేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది, అనలేకపోయాను. దాన్ని మంచితనం అనొద్దు. ఇచ్చిన మాట మీద నిలబడాలన్న మొండితనం, అంతే. ఎనిమిది నెలలు నేను దాచిపెట్టిన మనిషి నన్ను ఒక్క నిమిషంలో అమ్మేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫ్యూజులు ఆయనే అడిగి తీసుకున్నాడని ఇంట్లో చెప్పాను. అవ్వ నమ్మింది. బాపు మాత్రం, ఆయన గట్ల అబద్ధమెందుకు చెప్తడు అని కొట్టిపారేశాడు. ఇక ఫిట్టర్ పనికి పంపేది లేదని కూడా అన్నాడు. అందుకే ఆదివారం కాక బత్తాయిలు పట్టుకుని మా ఇంటికి వచ్చినప్పుడు నాకు కోపంతో పాటు ఆశ కూడా పుట్టింది. బాపు ఇంకా పొలం నుంచి రాలేదు. అవ్వ చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే కాక గొంతు తగ్గించాడు.

"నాకు ఇంక రెండేండ్లే నౌకరి బిడ్డా. నీకు ఉమరంత ముందున్నది."

"మా బాపుకు ఒక్కడికి నిజం చెప్పు కాకా. ఇంకెవ్వరికి చెప్పకు."

తల ఊపాడు. నిజంగానే ఊపాడు, నా కళ్లతో చూశాను.

బాపు వచ్చి కాళ్లు కడుక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను. కాక సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ నన్ను పొగడటం మొదలుపెట్టాడు. తన సర్వీసులో ఇంత తొందరగా పని పట్టుకున్నవాళ్లను చూడలేదన్నాడు, పిల్లను పని మాన్పించొద్దన్నాడు, నిజామాబాద్‌లో తెలిసిన మిల్లుంది, తానే మాట్లాడతానన్నాడు. ఇప్పుడు నిజం చెబుతాడని చూస్తున్నాను. ఆయన సాసర్ కింద పెట్టాడు.

"అంత బంగారమే. జర ఆగం ఎక్కువ, గంతే."

బాపు నవ్వాడు. వేలు పోయినప్పట్నుంచి ఆయన నవ్వడం అదే మొదలు. చిన్నప్పటి సంది గంతే అంటూ, మూడేళ్లప్పుడు నేను ఉడుకుతున్న పాలగిన్నెలో చెయ్యి పెట్టబోయిన కథ ఎత్తుకున్నాడు. ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు. ఆగమంటే తొందరపాటు. నేను చేయని తప్పు నా చిన్నతనంతో కలిసి, మా ఇంట్లోనే, నా గుణమైపోయింది.

ఆయన మాట మీదే బాపు నన్ను మళ్లీ పనికి పంపాడు. రెండేళ్లుగా నిజామాబాద్ శివారు మిల్లులో మెయింటెనెన్స్‌లో చేస్తున్నాను, పర్మినెంట్ కూడా అయ్యాను. కాక నౌకరీ మానేసి కళ్లకు ఆపరేషన్ చేయించుకున్నాడట. పొద్దున ఏడు గంటల బస్సుకు బాపు నన్ను బండి మీద దింపుతాడు. టిఫిన్ డబ్బా చేతికిస్తూ ఎంతో ప్రేమగా, రోజూ అదే మాట చెబుతాడు.

"ఆగం కాకు బిడ్డా."

సరే బాపూ అని బస్సెక్కుతాను.