తమ్ముడి ఓటమిని చదివిన గొంతు

ఇళ్లలో గోడగడియారాన్ని రేడియో వార్తలతో సరిచూసుకునే కాలంలో మైకు ముందు కూర్చుని, ఆ రేడియోలు అటకెక్కి వార్తలు అరచేతి తెరల్లోకి చేరిన కాలం వరకూ శ్రుతి తప్పని ఆ వార్తాపాఠకురాలికి, అసలైన పరీక్ష ఒక ఎన్నికల ఫలితాల సాయంత్రం ఎదురైంది. పోటీచేసిన ఆమె తమ్ముడు ఓడిపోయాడు.

“ఈ పూటకి ఇంకెవరైనా చదువుతార్లేమ్మా. నీ గొంతు వణికిందంటే రేపు మన వార్తల్ని ఎవరు నమ్ముతారు?” అన్నారు సంపాదకులు.

“వణకదండీ. ఇవాళ తప్పుకుంటేనే, ఇన్నాళ్లూ నేను చదివినదాన్ని కూడా అనుమానిస్తారు.”

స్టూడియోలో ఎర్రదీపం వెలిగింది. ఆమె కాగితాన్ని చప్పుడు కాకుండా పక్కకు జరిపి, గెలిచిన అభ్యర్థి పేరునూ తమ్ముడి పేరునూ ఒకే త్రాసులో తూచినట్లు సమంగా పలికింది.

ఇంటికి రాగానే తమ్ముడు గుమ్మంలోనే నిలదీశాడు. “ఏంటక్కా, నా పేరు దగ్గరైనా కాస్త గొంతు తగ్గించకూడదా? నువ్వు చదివిన తీరుకి నేను గెలిచాననుకుని అమ్మ సంబరపడిపోయింది!”

“అయితే బాగానే చదివానన్నమాట. పద, చేతులు కడుక్కో, భోంచేద్దాం.”

ఓటమి తెలిసిన తరువాత అతడు నవ్వడం అదే మొదలు.

వాక్కును దైవంగా కొలిచిన ఆమె కంఠాన సత్యం చిరకాలం నిలుచుగాక. ఆ ఇంటిల్లిపాదికీ నవ్వుకు కొదవ రాకుండుగాక!