నా బండికి బోరు నీళ్లు

మా అన్న కూతురు నల్గొండ దగ్గరి మా ఊరి నుంచి చైతన్యపురిలో కోచింగ్‌కని వచ్చింది. హాస్టల్ తిండి పడక ఎల్బీనగర్‌లో ఉన్న నా ఇంటికి చేరింది. నేను పెద్ద అంబర్‌పేట్ బడిలో టీచర్ని. మోకాళ్లు అరిగిపోయి బస్సెక్కలేని నాకు ఒక పాత కారే కాళ్లు.

డ్రైవింగ్ నేర్పమని పిల్ల అడిగితే పొంగిపోయాను. ఆదివారం పొద్దున్నే ఖాళీ సర్వీసు రోడ్డుకు తీసుకుపోయి, స్టీరింగ్ ఇవ్వకముందు తలుపు వేయడం నేర్పాను.

"దబీమని కొట్టకు, లాక్ వదులైపోతది. మెల్లగ వెయ్యి."

"గిది గూడ నేర్పాల్నా అత్తమ్మా?" అని నవ్వింది.

నేర్పాలి మరి. బండి తీసేముందు వంగి కింద నేల చూడాలి, ఆయిల్ చుక్కలు పడ్డాయేమోనని. గేరు మార్చాక క్లచ్ మీద కాలు ఉంచకూడదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ చూసి, తగ్గితే కూలెంట్ పోయాలి. మా కాలనీ బోరు నీళ్లు మాత్రం చచ్చినా పోయకూడదు. "ఇంట్ల బకీటు సూడు, ఎట్ల తెల్లగ పేరుకుందో. ఇంజన్ల గూడ గంతే" అని దాని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను.

పిల్లకు ఉద్యోగం వచ్చింది. ఆఫీసు ఊరికి ఆ చివర. "జర కొన్నాళ్లు మన బండి తీస్కపోతా అత్తమ్మా" అంది. ఆ 'మన' అన్న మాటకే కరిగిపోయి తాళాలు చేతిలో పెట్టాను. నేను మోకాళ్లు పట్టుకుని బస్సెక్కాను.

సాయంత్రాలు గేటు దగ్గర కారు తలుపు దబీమన్న చప్పుడు వంటింట్లోకి వినబడేది. అలసిపోయి వచ్చింది పాపం అనుకునేదాన్ని.

ఎండాకాలంలో ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో బండి పొగలు కక్కి ఆగిపోయింది. షెడ్డులో రేడియేటర్ విప్పితే లోపలంతా తుప్పు, తెల్లటి పెచ్చులు. నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు, అవి మా బకీటుకు పట్టే పెచ్చులే. ఇంజను పాడైపోయింది. బండిని తుక్కు కింద ఇచ్చేయాల్సి వచ్చింది.

"పాతదైంది గద అత్తమ్మా" అంది పిల్ల, ఫోను చూసుకుంటూ.

బళ్లో పిల్లల మీద ఊరికే అరిచే మనిషిని, దీన్ని ఒక్క మాట అనలేదు. చిన్నపిల్ల, మరిచిపోయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఏడాది తిరిగేసరికి అది దిల్‌సుఖ్‌నగర్‌లో వేరే ఇల్లు కిరాయికి తీసుకుని, చెల్లెల్ని తెచ్చిపెట్టుకుని, కొత్త కారు కొంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి పూజ కూడా చేయించింది. బోనాలకు పిలిస్తే వెళ్లి ఒక రాత్రి ఉన్నాను.

పొద్దున మెట్లు దిగుతూ చూశాను. పిల్ల వంగి కారు కింద నేల చూస్తోంది. తర్వాత బానెట్ ఎత్తింది. చెల్లెలు మగ్గుతో నీళ్లు పట్టుకొచ్చింది.

"పాగల్‌వా ఏంది? బోరు నీళ్లు పోస్తరా? ఇంట్ల బకీటు సూడు, ఎట్ల తెల్లగ పేరుకుందో. ఇంజన్ల గూడ గంతే!" అని కసిరి, డిక్కీలోంచి కూలెంట్ డబ్బా తీసింది.

అన్నీ నా మాటలే. ఒక్కటీ మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఎప్పుడో క్షమించేదాన్ని. ఇది అన్నీ తెలిసే నా బండిని చంపింది. ఇంతగా నమ్మినందుకు నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది.

"మరి నా బండికెందుకు పోసినవ్ బోరు నీళ్లు?"

ఉలిక్కిపడి తిరిగింది. "పొద్దుగాల లేటయితుండె అత్తమ్మా... పాత బండే గదా అని..." అంటూ నసిగింది. అంతలోనే తేరుకుని, "దా, ఇంటికాడ దింపుతా" అంది.

మోకాళ్లు సలుపుతున్నాయి. ఎక్కి కూర్చున్నాను. తలుపు లాక్కోబోతున్నాను.

"మెల్లగ వెయ్యి అత్తమ్మా, లాక్ వదులైపోతది."

దిగాను. మెల్లగానే వేశాను, బయట నిలబడి. బస్టాపు వైపు నడిచాను.