ఉష్ గారి పాటల గది

మా బావగారు పాట వినరు. ఈ సంగతి మొదటనే స్పష్టంగా మనవి చేయడం అవసరం. ఎందుకంటే ఆయన ఆయుష్షులో సగం పాటలు వినడంలోనే గడిచిందని వీధి వీధంతా నమ్ముతుంది. ఆయన వినేది పాటలో పాట కానిదంతా. పల్లవి ఎత్తుకోబోయే ముందు గాయని పీల్చిన ఊపిరి, వెనుక ఎవరో కాగితం తిప్పిన సవ్వడి, వాద్యబృందంలో ఏ మూలనో ఒక కుర్చీ కిర్రుమనడం. ఇవి చెవిన పడితే చాలు, ఆయన ముఖం దీపం పెట్టినట్టు వెలిగేది. పాట ఎలా ఉందని అడిగితే మాత్రం, "పాటా? దాని దాకా ఇంకా రాలేదోయ్" అనేవారు.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. పగలంతా ఇతరుల చూపు సరిచేసి, సాయంత్రం ఇంటికి రాగానే తమ కళ్ళు మూసుకుని కూర్చునేవారు. అయితే కూర్చోవడానికి ముందు ఇంటిని నిశ్శబ్దపరిచే కార్యక్రమం ఒకటి జరిగేది. ఫ్రిజ్ ఆపేవారు. ఫ్యాను ఆపేవారు. గోడ గడియారాన్ని దింపి, పసిబిడ్డను చుట్టినట్టు దుప్పట్లో చుట్టి బీరువాలో పడుకోబెట్టేవారు. పక్కింటి మిక్సీ ఆగేవరకు కిటికీ దగ్గర నిలబడి, పెదవులపై వేలుంచి, "ఉష్" అనేవారు. ఆ కారణంగా వీధిలో ఆయనకు ఉష్ గారనే పేరు స్థిరపడింది. పోస్ట్‌మ్యాన్ సైతం ఆ ఇంటి గేటు దగ్గర చెప్పులు చేత పట్టుకుని, మునివేళ్ళ మీద నడిచి వచ్చేవాడు.

మా పెదనాన్నగారికి ఉబ్బసం. ఆయన ఒకసారి మర్యాదపూర్వకంగా చూడవచ్చినప్పుడు, బావగారు చేతులు కట్టుకుని ఎంతో వినయంగా, "మామయ్యగారూ, రెండో చరణం అయ్యేదాకా కాస్త వరండాలో ఊపిరి పీల్చుకుంటారా?" అని అడిగారు. పెదనాన్నగారు వరండా మీదుగా నేరుగా తమ ఇంటికి వెళ్ళి అక్కడ పీల్చుకున్నారు. మళ్ళీ రాలేదు.

ఈ వ్యసనమేమిటో నాకు బోధపడేలా చెప్పగలిగింది కూడా బావగారే. నేను ప్రభుత్వ కార్యాలయంలో లేఖలకు నకళ్ళు తీసే గుమాస్తాను. అందుచేత ఆయన నా భాషలోనే మొదలుపెట్టారు.

"మీ ఆఫీసుకు పెద్ద లేఖ ఒకటి వస్తే నకలు ఎలా తీస్తావోయ్?"

"ఉన్నది ఉన్నట్టు. అక్షరదోషాలతో సహా."

"పోనీ ఒక కామా వదిలేస్తావా?"

"ఉద్యోగం వదులుకుంటాను గాని కామా వదలను బావగారూ."

"అదీ మాట. జనం ఫోన్లలో వింటున్నారే, అవన్నీ కామాలు పీకేసిన పాటలు. ఫైలు చిన్నగా ఉండాలని చెవికి ఆనదనుకున్నదల్లా తీసి పారేస్తారు. నేను దింపుకునేది పూర్తి నకలు. హై రెజల్యూషన్. ఆ రోజు స్టూడియోలో దోమ ఉంటే దోమ కూడా దిగుతుంది."

వంటింట్లోంచి మా అక్క కంఠం వినిపించింది. "దోమల కోసమైతే కిటికీ తీస్తే చాలదూ? కొని మరీ దింపుకోవాలా?"

అటువంటి పూర్తి నకళ్ళు పరిమాణంలో చాలా పెద్దవి. ఒకటి దిగుతున్నంతసేపు ఇంట్లో మరెవరూ ఇంటర్నెట్‌ను తాకరాదని ఆజ్ఞ. బావగారు చేతులు వెనక్కి కట్టుకుని, కంప్యూటరు ముందు అటూ ఇటూ పచార్లు చేసేవారు. కాన్పు గది బయట తండ్రులు చేసే పచార్లకు, వాటికి నాకు తేడా కనబడలేదు. ఫైలు క్షేమంగా దిగిందని తెలియగానే ఆయన కుర్చీలో కూలబడి, "దిగిందోయ్, ఏ లోపమూ లేదు" అనేవారు. అక్క లోపలినుంచి "ఎవరి పోలిక?" అని అడిగేది.

అటుపైన వచ్చినవారందరినీ ఆ గదిలో కూర్చోబెట్టి, ఆ పెద్ద స్పీకర్ల నడుమ పాట వేసి, ఒకచోట చటుక్కున ఆపి, "వినపడిందా?" అని అడిగేవారు. వినపడిందంటే గాని కాఫీ రాదు. కాబట్టి బంధువులు, స్నేహితులు, ఒక పర్యాయం గ్యాస్ సిలిండరు తెచ్చిన మనిషి కూడా, వినపడిందనే సెలవిచ్చారు. నేను ఒక్కణ్ణే లేదనేవాణ్ణి. లేనిదాన్ని ఉన్నట్టు రాయడం నా వృత్తిలో నేరం.

"మళ్ళీ లేదా?"

"లేదు బావగారూ. పాట తప్ప ఏమీ వినపడలేదు."

ఆయనకు కోపం రాదు సరికదా, నా కప్పులో కాఫీ కాస్త ఎక్కువ పోసేవారు. "మిగతావాళ్ళు నన్ను సంతోషపెడతారు. నువ్వొక్కడివే వింటావోయ్" అనేవారు.

ఇలా ఉండగా ఆ గదికే ముప్పు వచ్చింది. మా అక్క కుట్టుపని నేర్పేది. నేర్చుకోవడానికి వచ్చేవారు పెరిగారు. హాలు చాలడం లేదు. గది మాత్రం స్పీకర్లకు చాలినంత ఉంది. అక్క కొంతకాలం ఓర్చుకుంది. అయితే బావగారు ఒకే పాటను, వాన మీది ఒక పాత పాటను, మళ్ళీ మళ్ళీ కొంటున్నారని తెలిసిన రోజున నన్ను పిలిపించింది.

"ఒరే తమ్ముడూ, పాట మారిందా? లేదు. పాడినావిడ మారిందా? లేదు. పోనీ వాన మారిందా? అదే వాన. ఇన్నిసార్లు కొనడమేమిటి? అడిగితే ఉష్ అంటారు."

"నన్నేం చెయ్యమంటావక్కా?"

"వచ్చే ఆదివారం వచ్చి కూర్చో. ఆయన చెప్పేది విను, నేను చెప్పేది విను, తీర్పు చెప్పు. ఆ సాయంత్రానికి గదిలో నా మెషీన్లు ఉండాలి. నీ మాటకైతే ఆయన ఉష్ అనరు."

ఆ గది పోతే బావగారు ఏమైపోతారో ఊహించడానికి నాకు ధైర్యం చాలలేదు. ముందుగా ఒక మాట హెచ్చరిద్దామని మర్నాడు దుకాణానికి వెళ్ళాను. ఆయన ఒక వృద్ధుడి కళ్ళజోడుకు మర బిగిస్తున్నారు. ఆ వృద్ధుణ్ణి ఆ చుట్టుపక్కల ఫిడేలు మాస్టారంటారు. ఒకప్పుడు పాటల రికార్డింగులలో, వెనుక వరుసలో ఫిడేలు వాయించి బతికినవారు.

నేను విషయం ఎత్తబోతుండగా మాస్టారు తల పైకెత్తారు. "హా" అన్నారు. కళ్ళు చిట్లించి, మళ్ళీ "హా..." అన్నారు. దుకాణంలో ఉన్నవారమంతా అద్దాలు పట్టుకుని కాచుకున్నాం. ఏమీ జరగలేదు. మాస్టారు గుటక వేసి, చేతిరుమాలు జేబులో పెట్టుకున్నారు.

"మిగతా సగం ఏమైందండీ?" అని నేను ఉండబట్టలేక అడిగాను.

"మింగేశాను బాబూ. రికార్డింగుల్లో పడిన అలవాటు. మైకు ముందు తుమ్మినవాణ్ణి రెండోసారి ఎవరు పిలుస్తారు? అప్పటినుంచీ నాకు పూర్తి తుమ్ము లేదు."

"ఇప్పుడూ వాయిస్తున్నారా?"

"లేదు బాబూ. ఫిడేలు పెట్టె మంచం కిందకి తోసేశాను. ఆమధ్య ఇంట్లో నలుగురూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఏదో మాట వచ్చి, నేనూ ఫలానా పాటలో..."

"ఉష్" అన్నారు బావగారు. ఆ సమయంలో దుకాణంలో ఏ పాటా మోగడం లేదు. నేను తెల్లబోయాను. ఆయన కళ్ళజోడు మాస్టారి ముక్కు మీద అమర్చి, "ఆదివారం మా ఇంటికి మీరంతా రండి మాస్టారూ. మామ్మగారిని కూడా తీసుకురండి" అని, నా వైపు తిరిగి, "గది సంగతేగా? పాట అయ్యాక మాట్లాడుకుందాం" అన్నారు.

ఆదివారం నేను వెళ్ళేసరికి అక్క టేపు పట్టుకుని గది గోడలు కొలుస్తోంది. కుట్టుమిషన్లు హాల్లో ముసుగులు వేసుకుని ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్నాయి. అక్క నన్ను పిలిపించిన రోజు రాత్రే ఇంకొక ఫైలు దిగిందట. అదే పాట. ఆ సంగతి చెప్పి అక్క అదే గోడను మరోసారి కొలిచింది. అది మరింత ప్రమాదకరమైన సూచన.

కాసేపటికి మాస్టారు వచ్చారు. వెంట ఆయన భార్య మామ్మగారు, కొడుకు, కోడలు, మనవరాలు.

"సాక్షుల్ని కూడా పిలిపించుకున్నారా?" అంది అక్క, టేపు చుడుతూ.

ఫ్రిజ్ ఆగింది. ఫ్యాను ఆగింది. గడియారం దుప్పట్లోకి వెళ్ళింది. పాట మొదలైంది. మొదటి చరణం ముగిసి, ఫిడేళ్ళన్నీ ఒక్కసారిగా లేవబోయే ముందు క్షణంపాటు నిశ్శబ్దం వస్తుంది. బావగారు అక్కడ ఆపి, "వినపడిందా?" అన్నారు.

మాస్టారి కొడుకు వాచీ చూసుకుంటూ, "బాగా వినపడిందండీ" అన్నాడు.

"ఏం వినపడింది?"

ఆ ప్రశ్న బావగారు అంతకు ముందెన్నడూ ఎవరినీ అడిగి ఎరుగరు. కొడుకు తడబడి, "అదే, పాట" అన్నాడు.

బావగారు వెనక్కి తిప్పి మళ్ళీ వేశారు. చరణం ముగిసింది. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, ఎంతో దూరంగా, కుడి స్పీకరు వెనుక మూలనుంచి, "హా..." అని ఒక చిన్న శబ్దం. ఆపైన ఏమీ లేదు. తరువాత ఫిడేళ్ళు లేచాయి.

మామ్మగారు నిటారుగా కూర్చుని, "మింగేశారు" అన్నారు.

"ఎవరత్తయ్యా?" అంది కోడలు.

"ఎవరేమిటే, మీ మామయ్యే. ఇన్నేళ్ళుగా పక్కన వింటున్నాను, ఆ తుమ్ము నాకు తెలీదూ? సగం బయట, సగం లోపల. లోకంలో ఇంకెవరికుంది?"

మాస్టారు ఏదో అనబోయి తల పైకెత్తారు. "హా" అన్నారు. "హా..." అన్నారు. గుటక వేశారు. స్పీకరులోని దానికి, గదిలోని దానికి శ్రుతిలో వెంట్రుకవాసి తేడా లేదు. నకలు గుమాస్తాగా ఇది నేను ధ్రువీకరించగలను. మనవరాలు పకపకా నవ్వి, "తాతయ్యా, నువ్వే" అంది.

"మరి ఆ రోజు భోజనాల దగ్గర నువ్వు చెప్పినప్పుడు..." అని కొడుకు నసిగాడు.

"చెప్పాను కదరా, వాన పాటలో నేనున్నాను, వెనక వరసలో చివరి కుర్చీ అని. పేరు ఎక్కడా లేదే అని అందరూ నవ్వారు."

"పేరు వెయ్యకపోతే మాత్రం, తుమ్ము వేశారుగా మామయ్యా" అంది కోడలు. ఈసారి అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మాస్టారే.

అక్క బావగారి వైపు చూసింది. "ఇందుకా అన్నిసార్లు కొన్నది?"

"ముందు కొన్నవాటిలో అంతా శుభ్రం చేసేశారే. చప్పుళ్ళు తుడిచేటప్పుడు మాస్టార్ని కూడా తుడిచేశారు. ఇది అసలు రికార్డింగు టేపు నుంచి, ఏ చప్పుడూ తుడవకుండా తీసిన నకలు. ఈమధ్యే పెట్టారు."

"ఆ ముక్క నాతో చెప్పకూడదా?"

"చెప్పాక దొరక్కపోతే? ఆయన్ని చూసి ఒకసారి నవ్వారు, చాలదూ? నా మూలంగా ఇంకోసారి నవ్వాలా?"

అక్క టేపును ఇంకా బిగుతుగా చుట్టింది. నేను గొంతు సవరించుకుని, "ఉభయ పక్షాల వాదనలను సమగ్రంగా పరిశీలించిన మీదట..." అని ఆరంభించాను.

"చాల్లేరా. మెషీన్లు హాల్లోనే ఉంటాయి" అంది అక్క. "ఆదివారాలు వాటికి సెలవు. మాస్టారూ, ఆ మంచం కింద పెట్టె వచ్చే వారం ఇక్కడికి తెండి."

బావగారు నా పక్కకు జరిగి, గొంతు తగ్గించి అడిగారు. "నువ్వేమీ చెప్పలేదేమోయ్. వినపడిందా?"

"వినపడింది బావగారూ."

ఆయన నన్ను అనుమానంగా చూశారు. "నన్ను సంతోషపెట్టడానికి కాదుగా?"

"కాదు. ఉంది కాబట్టే ఉందంటున్నాను."

ఈలోగా అక్క, పాలు విరిగిపోతాయని గొణుక్కుంటూ ఫ్రిజ్ వేయడానికి వెళ్ళింది. స్విచ్చి మీద వేలు పెట్టి, ఎందుకో ఆగింది. వేలు తీసేసింది. వెనక్కి వచ్చి, మామ్మగారి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమండీ, ఇంకొక్కసారి వెయ్యండి. నాకు సరిగ్గా అందలేదు."

బావగారి ముఖం దీపం పెట్టినట్టయింది. "చూడూ, ముందు కుడివైపు వెనక మూలన ఒక కుర్చీ కిర్రుమంటుంది, అది కూడా మాస్టారిదే, దాని తరవాత..." అని అందుకున్నారు.

"ఉష్" అంది అక్క.