బందెలదొడ్డిలో ప్రదక్షిణలు

మా ఆవు బందెలదొడ్డిలో ఉందన్న కబురు నాకు మొదట తెచ్చింది సముద్రపొడ్డు నుంచి మా ఊరికి చేపలు అమ్మడానికి వచ్చే అప్ప. అది కార్తీకమాసం. ఆ నెల మా ఇంట్లో నీచు వండరు కాబట్టి ఆవిడకు మా గుమ్మం ముందు ఆగే పని లేదు. అయినా ఆగింది. గంప దించకుండానే చెప్పింది.

“ఏటి కోడలా, మీ సూడావుని బందెలదొడ్డికి తోలేసినారు. నాను సూసొత్తన్నాను. ఉలవసేను మేసేసిందట.”

చెప్పి, అలవాటు కొద్దీ చేపలు కావాలా అని అడిగింది. అంతలోనే నెల గుర్తొచ్చి తనే వెళ్ళిపోయింది.

ఇది అరవైల చివరి సంగతి. బందెలదొడ్డి అంటే ఈకాలం వాళ్ళకు తెలియకపోవచ్చు. పరాయి చేలో పడ్డ పశువును పట్టుకుని తోలిపెట్టే చోటు. నాలుగు మొండిగోడలు, గుమ్మానికి అడ్డంగా ఒక తాటిదుంగ, అంతే. పశువుగలవాడు వచ్చి తప్పు ఒప్పుకుని విడిపించుకోవాలి. వారం దాటినా ఎవరూ రాకపోతే దండోరా వేయించి వేలం పాడేస్తారు. మా చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ కలిపి ఒకటే ఉండేది, శ్రీకూర్మం పోయే బాట పక్కన. మా ఇంటి నుంచి మైలున్నర నడక.

ఆ ఆవు మా నాన్న నాకు పెళ్ళిలో అరణంగా ఇచ్చినది. ఈనడానికి ఇంకా నెల ఉంది. సూడిది కదా అని ఊరిమందతో పంపకుండా పెరట్లో సాలలోనే కట్టి మేపుతున్నాం. కట్టి ఉన్న ఆవు ఉలవచేలోకి ఎలా వెళ్ళిందన్నది ఇంట్లో అందరూ అడగవలసిన ప్రశ్న. జవాబు నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

కార్తీకం మొదటి రోజు నుంచి నేను తెల్లవారగానే ఆ ఆవు చుట్టూ ఇరవై ఒక్క ప్రదక్షిణలు చేస్తున్నాను. మొక్కు మా ఆయన కోపం తగ్గాలని. ఆయన మంచి మనిషి. కోపం వస్తే మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయేవారు. కాసేపటికి ఆకలేసి మళ్ళీ వచ్చేవారు. మళ్ళీ రావలసి వచ్చినందుకు మళ్ళీ కోపం వచ్చేది. మా అత్తగారికి ఈ మొక్కు నచ్చలేదు.

“కోపం ఆవుకేటే, దాని సుట్టూ తిరుగుతన్నావు? కోపం నా కొడుక్కి. ఆడి సుట్టూ తిరుగు” అనేది.

ఆయన ఒకచోట కుదురుగా నిలబడే మనిషి కాదు కనుక ఆవునే ఎంచుకున్నాను.

నేను బడికి వెళ్ళలేదు. మా తాత నాచేత ఇంట్లోనే పురాణాలు చదివిస్తూ అక్షరాలు నేర్పాడు. అలా చదువుకున్నవాళ్ళకు ఒక ఇబ్బంది ఉంటుంది. సందేహం వస్తే అడగడానికి పంతులు ఉండడు. మనమే తీర్చుకోవాలి. ప్రదక్షిణలు మొదలుపెట్టిన పదోరోజో, పదకొండోరోజో నాకొక సందేహం వచ్చింది. ఆవు కట్టుగొయ్య దగ్గర ఉంది. ఆవు చుట్టూ తిరిగితే కట్టుగొయ్య చుట్టూ కూడా తిరిగినట్టే కదా. అప్పుడు నా పుణ్యంలో సగం ఆ గొయ్యకు పోదా? చాలాసేపు ఆలోచించాను. చివరికి ఆవు తాడు విప్పి నాలుగడుగులు ఇవతలికి తెచ్చి నిలబెట్టి, దాని చుట్టూ తిరిగాను. ప్రాణం కుదుటపడింది. పన్నెండో ప్రదక్షిణో, పదమూడోదో అన్నది కాస్త తేడా వచ్చి, అనుమానం ఎందుకని మరో రెండు తిరిగాను. ఇంతలో లోపల ఎసరు పొంగింది. నేను పరిగెత్తాను. తాడు ముడి వేసిన గుర్తు నాకు లేదు. మధ్యాహ్నం కుడితి పెట్టే వేళ దాకా సాల వైపు ఎవరూ వెళ్ళరు. కుడితి కంటే ముందు కబురే వచ్చింది.

ఆ ఉలవచేను మా ఆయనకు వరసకు మావ అయ్యే పెద్దాయనది. ఇద్దరికీ గట్టు దగ్గర పాత తగువు ఒకటి ఉంది. పశువు చేలో పడితే ఇంటికి తోలుకొచ్చి నాలుగు తిట్టి పోవడం మా వైపు మర్యాద. మావ అలా చేయకుండా నేరుగా బందెలదొడ్డికి తోలాడు. తిట్టకపోవడమే మా ఆయనకు పెద్ద అవమానంగా తోచింది. తాను వేసిన ముడి దానంతటది ఊడదని, రాత్రి తానే స్వయంగా కట్టానని, మావే మా పెరట్లో దూరి తాడు విప్పి తన చేలోకి తానే తోలుకుని ఉంటాడని వీధిలో నిలబడి చెప్పారు. విడిపించడానికి వెళితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి వెళ్ళేది లేదన్నారు. ముడి దానంతటది ఊడదన్న మాట నిజమే. ఆ మాట వినే నేను నోరు మెదపలేదు. అబద్ధం ఆడలేదు కదా అని మనసుకు చెప్పుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున పసుపూ కుంకుమా పట్టుకుని బందెలదొడ్డికి వెళ్ళాను. మొక్కు మధ్యలో ఆపకూడదు. అక్కడ కాపలా ఉండేది ఒక ముసలాయన. ఒకప్పుడు చేపలవేటకెళ్ళే మనిషి. కాలు దెబ్బతిని పడవ ఎక్కడం మానేశాక ఈ పనికి కుదిరాడట. నేనెందుకు వచ్చానో చెబితే ఆశ్చర్యపోలేదు. తాటిదుంగ జరిపి దారి ఇచ్చాడు.

లోపల మా ఆవుతోపాటు ఒక గేదె, రెండు మేకలు, ఒక గాడిద ఉన్నాయి. గేదె మా ఆవును ఆనుకుని నిలబడింది, ఎంత తోసినా కదలలేదు. గాడిద ఆ రెండింటి మధ్యకు వచ్చి చేరింది. కాబట్టి ఆవుకు ప్రదక్షిణ చేయాలంటే ముగ్గురికీ కలిపి చేయవలసి వచ్చింది. మేకలు రెండూ నా వెనకే తిరిగాయి. వాటి మొక్కేమిటో నాకు తెలియదు. ఇంట్లో కట్టుగొయ్యకు పుణ్యం పంచడానికి వెనకాడిన దాన్ని, ఇక్కడ గాడిదకు కూడా పంచి ఇంటికి వచ్చాను. రెండోరోజు వెళ్ళేసరికి ముసలాయన పేడ ఎత్తేసి, నేను తిరిగే మేరకు గుండ్రంగా చీపురుతో ఊడ్చి ఉంచాడు. నేను అడగలేదు.

ఇలా నాలుగు రోజులు గడిచాయి. ఐదోరోజు మా ఆయన పెద్దమనుషులకు కబురు పెట్టారు. మర్నాటి సాయంత్రం మావ ఇంటి అరుగు మీద కూర్చుని, మా తాడు విప్పినందుకు ఆయనచేత తప్పు ఒప్పిస్తారట. డెబ్బై ఏళ్ళ మనిషి. వేలానికి ఇంకా రెండు రోజులే ఉంది. నా ప్రదక్షిణలు మాత్రం ఒక్కటి కూడా తప్పలేదు.

ఆరోరోజు సోమవారం. ముసలాయన మోపెడు గడ్డి తెచ్చి అన్నింటికీ వేస్తున్నాడు. దొడ్డికి ఇచ్చే మేత చాలదని, చీకటి ఉండగానే కాలవగట్టుకు వెళ్ళి తానే కోసుకొస్తాడని అప్పటికి నాకు తెలిసింది. ఎవరి పశువులో కూడా తెలియకుండా ఎందుకింత శ్రమ తాతా అన్నాను.

“తెలిసేటి సేత్తానమ్మా? తెలిత్తే ఒకలదానికి ఎక్కువేత్తాను, ఒకలదానికి తక్కువేత్తాను.”

ఇంకో గుప్పెడు మా ఆవు ముందు వేసి, దాని డొక్క మీద చెయ్యి పెట్టి లోపలి దూడ కదులుతోందేమో చూశాడు. ఆవుతో అన్నట్టుగానే అన్నాడు.

“ఇక్కడికొచ్చినవాట్లో తప్పు సేసిన పసువు ఒక్కటీ నేదమ్మా. ఆకలేసింది, తిన్నాది. తాడు కట్టనోళ్ళు ఇంటికాడ అన్నం తింతన్నారు. ఇది ఇక్కడ నిలబడినాది.”

ఆయనకు నా సంగతి తెలియదు. తెలిసి అన్నా బాగుండేది, కనీసం కోపం తెచ్చుకునేదాన్ని. కార్తీక సోమవారం కావడంతో నేను ఆ పూట అన్నం తినలేదు. అయినా ఆ మాట నన్ను గురించి కాదని తప్పించుకోలేకపోయాను. అప్పటికి తొమ్మిది ప్రదక్షిణలయ్యాయి. పదోది తిరగలేదు. ఆరు రోజులుగా నేను దేవుడి చుట్టూ తిరుగుతున్నానని అనుకున్నాను. చెప్పవలసిన ఒక్క మాటకు దూరంగా తిరుగుతున్నానని అప్పుడు తెలిసింది. మైలున్నర బాట ఆరోజు పొట్టిగా అనిపించింది.

ఆయన భోజనం ముగించి చెయ్యి కడుక్కునేదాకా ఆగాను. కంచం ముందు చెప్పేంత ధైర్యం లేదు.

“తాడు మావ ఇప్పనేదు. నానే ఇప్పినాను. మళ్ళీ కట్టడం మర్సిపోనాను.”

ఎందుకు విప్పావని అడిగారు. కట్టుగొయ్య సంగతి చెప్పాను.

“పున్నెం గొయ్యకి ఎల్లిపోద్దనా?”

అవునన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. లోపలి నుంచి మా అత్తగారు మాత్రం, అలాగైతే ముందు కట్టెయ్యాల్సింది ఆవుని కాదు అంది. పొద్దు వాలాక ఆయన కండువా భుజాన వేసుకుని, రా అన్నారు. నేను వెనకే నడిచాను. నా తప్పు నలుగురి ముందు చెప్పించడానికే తీసుకెళుతున్నారనుకున్నాను. న్యాయమే అనుకున్నాను.

మావ అరుగు మీద పెద్దమనుషులు ఇద్దరు అప్పటికే చేరారు. మావ ఒక చివర తలవంచుకుని చుట్ట చేతిలో తిప్పుతున్నాడు, వెలిగించలేదు. మా ఆయన అరుగు ఎక్కలేదు. కింద నిలబడే అన్నారు.

“మావా, తాడు మా ఇంటి తప్పు. నిన్నన్న మాట నా నోటి తప్పు.”

మా ఇంటి తప్పు అన్నారు. నా పేరు చెప్పలేదు, నా వైపు చూడలేదు. ఆ ఒక్క మాటకు ఇన్నేళ్ళుగా రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. మావ చుట్ట చెవి మీద పెట్టుకుని లేచాడు.

“ఇదే మాట మొదట్రోజు అన్నావనుకో, సూడుపసువు ఆర్రోజులు ఎండలో నిలబడునా? నడు.”

పెద్దమనుషులు చేయవలసినది ఏమీ మిగలక, వాళ్ళూ మాతో బయలుదేరారు. ఒక ఆవును తేవడానికి ఐదుగురం వెళ్ళాం. ముసలాయన తాటిదుంగ తీశాడు. ఎవరిది తప్పని అడగలేదు. ఆవు మమ్మల్ని చూసి సంతోషించినట్టేమీ కనబడలేదు, ముందున్న గడ్డి పూర్తయ్యాకే కదిలింది. గేదె గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

మా ఆయన కోపం తగ్గిందా అని అడుగుతారు. కొంత. పశువును కొట్టకుండా తోలినందుకు మావకూ నేను కృతజ్ఞురాలినే. ఆవు ఈనింది, పెయ్యదూడ. జున్ను పట్టుకుని బందెలదొడ్డికి వెళితే అక్కడ వేరే మనిషి ఉన్నాడు. ముసలాయన మంచాన పడితే సముద్రపొడ్డున కూతురు తీసుకుపోయిందని, అక్కడే పోయాడని చెప్పాడు. ఊరిపేరు వాడికి తెలియదు. మనిషి పేరు నాకూ తెలియదు. ఆరు రోజులు ఆయన ఊడ్చిన నేల మీద నడిచి, పేరు అడగాలని నాకు తోచలేదు.

ఇది చదివే మీరు ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళయినా సరే, దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి ఆ తాతను తలచుకోండి. పేరు లేకుండా ఎలా తలచుకోవడం అనుకోవద్దు. ఎవరి పశువో అడక్కుండా అన్నింటికీ ఒకేలా గడ్డి వేసిన మనిషి అనుకోండి, చాలు.